మేడమీది సోలార్‌కు పీఎం సూర్యఘర్ దరఖాస్తు: ఫారం తెరవక ముందు, తెరిచాక

పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజలీ యోజన కింద ఇంటి మేడమీద సోలార్ పెట్టుకునేవారికి కేంద్రం ఇచ్చే రాయితీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు. ఆపైన ఎంత సామర్థ్యం పెట్టుకున్నా 78,000 రూపాయలకు మించి రాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకం 2026-27 నాటికి కోటి ఇళ్లకు చేరాలన్నది లక్ష్యం. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో, పీఎం సూర్యఘర్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో చేసుకోవాలి. ఫారం నింపడం పెద్ద పనేమీ కాదు. చిక్కులన్నీ సాధారణంగా రెండు చోట్ల మొదలవుతాయి: కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉంది, ఏ రకం ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పరికరం) పెట్టుకుంటున్నాము. ఈ రెండూ పోర్టల్ తెరవక ముందే తేల్చుకోవలసినవి.

ముందు పేరు సంగతి. బిల్లు ఎవరి పేరు మీద ఉంటే దరఖాస్తు వారి పేరు మీదే సాగుతుంది. మన ఇళ్లలో చాలా మీటర్లు ఇప్పటికీ తాతగారి పేరు మీదో, ఇల్లు అమ్మి వెళ్లిపోయినవారి పేరు మీదో ఉన్నాయి. నెలనెలా బిల్లు కడుతున్నంత కాలం ఎవరూ పట్టించుకోరు. అలాంటప్పుడు ముందుగా విద్యుత్ పంపిణీ సంస్థలో, అంటే డిస్కంలో, ఇంటి దస్తావేజు చూపించి పేరు మార్పించుకోవాలి. యజమాని మరణించి ఉంటే మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కూడా సిద్ధం చేసుకోవడం మంచిది. ఇంకో చిన్న చిక్కు కూడా ఉంది: బిల్లులో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అదే ఇంటిపేరు చివరికి వెళ్లిపోయి ఉంటుంది. మనిషి ఒకరేనని మనకు తెలుసు గానీ, రాయితీ జమ చేసే కంప్యూటరుకు తెలియదు. అందువల్ల మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకొని, తేడా ఉంటే అప్పుడే సరిచేయించుకోవడం మేలు.

ఇక ఇన్వర్టరు. రాయితీతో వచ్చే సోలార్ ప్లాంట్లలో ఎక్కువ భాగం గ్రిడ్‌కు, అంటే డిస్కం కరెంటు లైన్లకు, అనుసంధానమైన మామూలు ఇన్వర్టరుతోనే బిగిస్తారు. లైనులో కరెంటు పోగానే ఈ ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌కు మన మేడమీది కరెంటు తగలకూడదని పెట్టిన రక్షణ అది. దాని ఫలితంగా, మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా వీధిలో కరెంటు లేకపోతే మన ఇంట్లోనూ ఫ్యాను తిరగదు. సోలార్ పెట్టుకుంటే కోతల బెడద తీరుతుందనుకున్న కుటుంబాలకు ఈ సంగతి ప్లాంటు బిగించాక తెలియడం నేను చూసిన అత్యంత సాధారణమైన నిరాశ. కోతల్లోనూ కరెంటు కావాలనుకునేవారు బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు ఎంచుకోవాలి. బ్యాటరీకి రాయితీ వర్తించదు కాబట్టి ఆ ఖర్చు పూర్తిగా మనదే. ప్లాంటు వివరాల్లో ఇన్వర్టరు కూడా నమోదవుతుంది, తనిఖీలో దాన్నే చూస్తారు. కనుక తరువాత మార్చుకుందాంలే అనే ఆలోచన పెట్టుకోవద్దు.

సామర్థ్యం విషయంలో ప్రభుత్వం సూచించే లెక్క ఇది: నెలకు 150 యూనిట్ల లోపు వాడే ఇంటికి 1 నుంచి 2 కిలోవాట్లు, 150 నుంచి 300 యూనిట్లు వాడే ఇంటికి 2 నుంచి 3 కిలోవాట్లు, అంతకు మించితే 3 కిలోవాట్ల పైన. ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్ల వరకు ఇస్తుంది. దానికి నీడ పడని చోటు సుమారు 10 చదరపు మీటర్లు కావాలి. వాడకాన్ని ఒక్క నెల బిల్లుతో కాకుండా ఏడాది బిల్లులతో చూడండి. రోజంతా ఆగకుండా నడిచే వస్తువులను వేరుగా లెక్కించండి. ఫొటోలు, ఫైళ్లు బయటి కంపెనీల దగ్గర కాకుండా ఇంట్లోనే సొంత సర్వరులో దాచుకునేవారు ఉన్నారు. అది 30 వాట్ల చిన్న యంత్రమే అయినా రోజుకు 0.72 యూనిట్, నెలకు 21 యూనిట్లకు పైగా తీసుకుంటుంది, పైగా రాత్రి కూడా ఆగదు. సర్వరు, రూటరు కోతల్లో ఆగకూడదంటే వాటి వైరింగును హైబ్రిడ్ ఇన్వర్టరు బ్యాకప్ వైపు విడిగా వేయించాలి.

ఇవి తేలాక పోర్టల్‌లో మొబైల్ నంబరుతో లాగిన్ అయి, రాష్ట్రాన్ని, డిస్కంను ఎంచుకొని, బిల్లు మీది సర్వీసు నంబరు ఇవ్వాలి. తెలంగాణ బిల్లుల మీద ఎస్‌సీ (సర్వీసు కనెక్షన్) నంబరు, యూఎస్‌సీ (యూనిక్ సర్వీసు కనెక్షన్) నంబరు అని రెండు కనిపిస్తాయి. పోర్టల్ ఏది అడుగుతోందో చూసుకొని నింపండి. తాజా బిల్లు దగ్గర ఉంచుకోండి. 10 కిలోవాట్ల వరకు దరఖాస్తులకు సాంకేతిక సాధ్యత పరిశీలన అవసరం లేకుండానే ఆమోదం లభించినట్టు భావించాలని 2024లో నిబంధనలు సవరించారు. మంజూరైన లోడు, అంటే మీ కనెక్షన్‌కు డిస్కం అనుమతించిన కిలోవాట్లు, ప్లాంటు సామర్థ్యానికి తక్కువైతే లోడు పెంపు మాత్రం ఉంటుంది. 5 కిలోవాట్ల లోపు ప్లాంటు కోసం లైన్లు, పరికరాలు బలపరచవలసి వస్తే ఆ ఖర్చు డిస్కందే.

తరువాత వెండరును, అంటే ప్లాంటు అమ్మి బిగించే సంస్థను, ఎంచుకోవాలి. పోర్టల్‌లో నమోదైన వెండరు దగ్గర మాత్రమే రాయితీ వర్తిస్తుంది. ప్యానెళ్లు, వాటిలోని సోలార్ సెల్లులు రెండూ దేశంలో తయారైనవే అయి ఉండాలి. ఒప్పందంలో అయిదేళ్ల నిర్వహణ బాధ్యత వెండరుదని రాసి ఉందో లేదో చూడండి. రాయితీని ఇన్వర్టరు సామర్థ్యం, ప్యానెళ్ల మొత్తం సామర్థ్యం ఈ రెండింటిలో తక్కువైన దాని మీద లెక్కిస్తారన్నది చాలామందికి తెలియదు. ఉదాహరణకు, 3 కిలోవాట్ల ఇన్వర్టరుకు 540 వాట్ల ప్యానెళ్లు అయిదే పెడితే మొత్తం 2.7 కిలోవాట్లే అవుతుంది, రాయితీ 72,600 రూపాయలకు తగ్గుతుంది. ఆరో ప్యానెల్ పెట్టడానికి చోటుంటే పెట్టించుకోవడమే తెలివి. అప్పు కావలసినవారికి 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు రుణమిస్తాయి. వడ్డీ రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటుకు, ముడిపడి ఉంటుంది.

ప్యానెళ్లను మేడమీదికి ఎక్కించే రోజు ఒక పని మీరే చేయండి. ప్రతి ప్యానెల్ వెనుక అతికించిన చీటీలో సీరియల్ నంబరు, వాట్లు ఉంటాయి. చట్రానికి బిగించాక ఆ చీటీ కిందివైపు తిరిగిపోతుంది, చేయి చాపి ఫోన్‌తో ఫొటో తీసినా అక్షరాలు అందవు. గోడకు ఆనించి ఉన్నప్పుడే ఒక్కొక్కటీ ఫొటో తీసి పెట్టుకోండి. పోర్టల్‌లో వెండరు ఎక్కించిన నంబర్లతో సరిచూసుకోవడానికి అవే ఆధారం.

పని పూర్తయ్యాక వివరాలను పోర్టల్‌లో నమోదు చేసి నెట్ మీటరుకు, అంటే తీసుకున్న కరెంటును, ఇచ్చిన కరెంటును రెండింటినీ లెక్కించే మీటరుకు, దరఖాస్తు చేయాలి. డిస్కం వారు వచ్చి ఎర్తింగు, వైరింగు, పరికరాలు చూసి, మీటరు బిగించి, ప్లాంటు ప్రారంభమైనట్టు నివేదిక ఇస్తారు. ఆ రోజే వెండరును అడగవలసినది మరొకటుంది. ఉత్పత్తి చూపించే యాప్‌లో ఖాతాను వెండర్లు తరచు తమ ఫోన్ నంబరుతో తెరుస్తారు. అది మీ నంబరుతోనే ఉండాలని, దాని పాస్‌వర్డు మీకే తెలియాలని పట్టుబట్టండి. కంపెనీ సర్వరు మీద ఆధారపడకుండా ఇంట్లోనే లెక్కలు చూసుకోవాలనుకుంటే, ఇన్వర్టరులో మోడ్‌బస్ (పరికరాలు ఒకదానితో ఒకటి వివరాలు పంచుకునే పద్ధతి) ద్వారా వివరాలు చదివే వీలుందా అని కొనేముందే అడగాలి. ఆ వీలుంటే హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంటర్నెట్ లేకపోయినా ఉత్పత్తి ఎంతో చూడవచ్చు.

నివేదిక పోర్టల్‌లోకి వచ్చాక బ్యాంకు ఖాతా వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేసి రాయితీ కోరాలి. చాలామంది ఈ మెట్టు వెండరే చేస్తాడనుకొని ఆగిపోతారు; లాగిన్ అయి మీరే చూసుకోండి. నెట్ మీటరు పెట్టాక వచ్చే మొదటి బిల్లులో గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు, గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లు వేర్వేరుగా కనిపించాలి. ఇచ్చిన యూనిట్ల గడిలో సున్నా ఉంటే ఆ నెలలోనే, మీటరు రీడింగు ఫొటోతో సహా, డిస్కంకు రాతపూర్వకంగా తెలియజేయండి.