సంక్రాంతికి ఊరెళ్తున్నారా? మందు మానేసినవాళ్లకి, ఇంట్లోవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

మళ్లీ తాగడం గ్లాసు పట్టుకున్నప్పుడు మొదలవదు. చాలామందిలో పండగకి వారం ముందే మొదలవుతుంది. నిద్ర పట్టదు, చిన్నదానికే చిరాకు, డాక్టరిచ్చిన మాత్రలు మెల్లగా ఆగిపోతాయి. "కనుమనాడు ఒక్క బీరుకేమవుతుందిలే" అన్న లెక్క మనసులో నడుస్తుంటుంది. ఇవి కనిపిస్తే టికెట్టు సంగతి తర్వాత, ముందు డాక్టర్ని కలవండి.

ఏళ్ల తరబడి తాగిన మెదడు మందునే కాదు, తాగిన చోటునీ తోడునీ గుర్తుపెట్టుకుంటుంది. కోడిపందేల బరి పక్కన టెంటు, కోడి వేపుడు వాసన, "రారా బామ్మర్దీ" అన్న పిలుపు, ఇవి చాలు, మెదడులో డోపమైన్ అనే రసాయనం ఎగసి కోరిక పుడుతుంది. అది మీ చేతగానితనం కాదు. సాధారణంగా అరగంటలో తగ్గిపోతుంది కూడా. ఆ అరగంట ఎక్కడ, ఎవరితో గడపాలో ముందే అనుకోండి. బరి వైపు వెళ్లకపోతేనే మంచిది. తప్పదంటే కడుపునిండా తిని, సొంత బండి మీద వెళ్లండి, లేచి వచ్చేయడానికి వీలుంటుంది. బలవంతపెడితే "మాత్రలు వాడుతున్నా బావా, పడదు" అంటే చాలు. ఇంకేం వివరించక్కర్లేదు.

అసలు తాగుడు వెనక చాలాసార్లు దిగులో, అప్పో, అన్నదమ్ముల పొలం తగాదానో ఉంటుంది. ఊళ్లో అడుగుపెట్టగానే అవే ముందుకొస్తాయి. వాటాల మాటలు పండగ నాలుగు రోజులూ ఎత్తకండి.

అమ్మలకీ, భార్యలకీ ఒక్క మాట. మందు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రని తెలియకుండా కూరలో కలపొద్దు. దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది.

ఇంకా రోజూ తాగుతున్నవాళ్లని పండగ పేరుతో ఒక్కసారిగా మాన్పించకండి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి మతి తప్పి లేనివి కనిపిస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒకవేళ ఒక గ్లాసు పడిందే అనుకోండి. "ఎలాగూ పోయింది కదా" అన్న ఆలోచనే రెండో గ్లాసు తాగిస్తుంది. ఆ రాత్రే ఇంట్లో చెప్పండి. చెప్పినవాడి మీద ఇంట్లోవాళ్లు అరవకండి. పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేయండి. డాక్టర్ దొరక్కపోతే 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే.