లేయర్ కోళ్ల పెంపకం – 7వ పాఠం: మళ్లీ వెలుతురు గురించే

ఈ వారం గుడ్డు పెంకు గురించి, సున్నం గురించి చెప్పవలసి ఉంది. అయితే గత పాఠంలో రాసిన "గుడ్లు పెట్టే కోడికి రోజుకు 16 గంటల వెలుతురు ఉండాలి" అనే వాక్యాన్ని బెంగళూరు దగ్గరి హోస్కోటె, మాలూరు, చింతామణి వైపు షెడ్లు నడుపుతున్న మన పాఠకులు ఎన్ని రకాలుగా అమలు చేశారో తెలిసిన తరువాత, సున్నాన్ని వచ్చే పాఠానికి జరపక తప్పలేదు.

కొందరు 16 వారాల పెట్టలకు ఒక్క రాత్రిలోనే వెలుతురును 16 గంటలకు పెంచారు. గుడ్లు త్వరగానే వచ్చాయి, కానీ ఒళ్లు ఎదగని పెట్టలు కావడం వల్ల ట్రేల నిండా చిన్న గుడ్లే చేరాయి. కొన్నింటికి గుడ్డుదారి బయటికి జారింది. ఆ ఎరుపు కనబడగానే పక్క కోళ్లు పొడిచి చంపాయి. మరికొందరు 16 గంటలూ బల్బులే వెలగాలనుకొని పట్టపగలు కూడా వెలిగించి, కరెంటు బిల్లు చూసి బెదిరి, ఉన్నపళంగా అన్నీ ఆర్పేశారు. నష్టం ఈ రెండోదానిలోనే ఎక్కువ. గుడ్లు పెడుతున్న కోడికి వెలుతురు తగ్గితే అది మెడ ఈకలు రాల్చుకొని గుడ్లు మానేస్తుంది. తిరిగి దారికి రావడానికి వారాలు పడుతుంది, ఆ వారాలన్నీ దాణా మాత్రం తింటూనే ఉంటుంది.

కోడి మెదడుకు వెలుతురు కళ్ల ద్వారానే కాక పుర్రె గుండా కూడా చేరి, అండాశయాన్ని నడిపే హార్మోన్లను కదిలిస్తుంది. అందువల్ల ఎదిగే పెట్టకు వెలుతురు పెంచకూడదు, గుడ్లు పెట్టే కోడికి తగ్గించకూడదు. 18 వారాలు నిండి, ఆ జాతి కోడిపిల్లలను అమ్మే కంపెనీ పట్టికలో చెప్పిన బరువు వచ్చిన తరువాతే, వారానికి అరగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి. వయసు వచ్చి బరువు రాకపోతే ఆగండి.

ఇక గంటల లెక్క. 16 గంటలంటే పగటి వెలుతురూ, బల్బుల వెలుతురూ కలిపి. బెంగళూరులో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటల 20 నిమిషాలు, జూన్ చివర సుమారు 12 గంటల 50 నిమిషాలు ఉంటుంది. ఈ తేడాను పూడ్చడానికి నెలకొకసారి టైమరు మార్చే వారున్నారు. ఆ పని ఒక నెల మరిచిపోతే కోడికి వెలుతురు తగ్గినట్టే. గంటలు కూడడం మానేసి గడియారంలో రెండు కొసలు బిగించండి. తెల్లవారుజామున 3 గంటలకు మొదలు, రాత్రి 7 గంటలకు ముగింపు. మన దగ్గర ఏ కాలంలోనూ సూర్యాస్తమయం 7 దాటదు కనుక పగలు ఎప్పుడూ ఈ రెండు కొసల మధ్యనే ఇమిడిపోతుంది. బల్బులు ఉదయం 3 నుంచి 7 వరకు, సాయంత్రం 5:30 నుంచి 7 వరకు వెలిగితే ఏడాది పొడవునా టైమరును ముట్టుకోనక్కరలేదు. చెన్నై వైపు వారికి కూడా ఇవే సమయాలు సరిపోతాయి.

పెంచే దశలో ముందు సాయంత్రపు కొసను 7 దగ్గర నిలిపి, ఆ తరువాత ఉదయపు కొసనే తెల్లవారుజాము 3 గంటల వైపు వెనక్కి జరపడం నాకు ఇష్టం. సాయంత్రం రెండు మూడు గంటలు పొడిగించే పద్ధతి కూడా ఉంది, నేను దాన్ని సిఫారసు చేయను. ఏప్రిల్, మే నెలల్లో కోడి కడుపు నిండా తినేది చల్లటి వేకువలోనే. పైగా గుడ్లు ముందుగా వచ్చి, ఎండ ముదరక ముందే ఏరడం పూర్తవుతుంది.

అసలు చిక్కు టైమరులో ఉంది, దీన్ని ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకునేవారు తక్కువ. చవకగా దొరికే గుండ్రని డయలు టైమరు కరెంటు ఉన్నంతసేపే తిరుగుతుంది. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయిందనుకోండి, డయలు రెండు గంటలు వెనకబడుతుంది. సాయంత్రం 5:30కు వెలగవలసిన బల్బులు 7:30కు వెలుగుతాయి. అప్పటికే చీకటి పడి సద్దుమణిగిన కోళ్లు ఉలిక్కిపడి లేస్తాయి, 9కి మళ్లీ చీకటి. మరునాడు వేకువన 3కు బదులు 5కు వెలుగుతాయి. డయలు మీద ముల్లు మాత్రం సరిగ్గా 3 దగ్గరే వెలిగించినట్టు చూపుతుంది, కనుక యజమాని దాణాను, నీటిని, చివరికి పనివాణ్ణి తప్పుబడతాడు కానీ టైమరు వంక చూడడు. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు కొనండి. దాని గడియారం కరెంటు లేకపోయినా నడుస్తుంది. అయితే గడియారం నడిచినంత మాత్రాన బల్బు వెలగదు కాబట్టి షెడ్డు లైట్లకు ఇన్వర్టరు కూడా కలపండి.

ఎంత కాంతి అన్నదానికి పెద్ద లెక్క అక్కరలేదు: మేత తొట్టి దగ్గర దినపత్రిక చదవగలిగితే చాలు. కేజ్‌ల కింది వరుసలో కూడా చదివి చూడండి. బల్బుల మీది దుమ్ము వారానికోసారి తుడవండి.

అభ్యాసం. వచ్చే పాఠం లోపు ఏడు రోజుల పాటు తెల్లవారుజామున 3 గంటలకు మీరే షెడ్డుకు వెళ్లి, బల్బులు వెలిగిన క్షణాన్ని ఫోను గడియారంతో సరిచూసి పుస్తకంలో రాయండి. పక్కనే ఆ రోజు కరెంటు పోయిన, వచ్చిన సమయాలు కూడా రాయండి. ఎదిగే పెట్టలున్నవారు షెడ్డు నాలుగు మూలల నుంచీ, నడిమి నుంచీ కలిపి 100 పెట్టలను ఒక్కొక్కటిగా తూచి సగటు కట్టండి. ఆ సగటుకు పది శాతం అటూ ఇటూ ఉన్న పరిధిలో కనీసం 80 పెట్టలు లేకపోతే వెలుతురు పెంచడం మొదలుపెట్టకండి, ముందు మేత తొట్ల దగ్గర అన్నింటికీ చోటు చాలుతోందో చూడండి.