జనంతో కలిసి పని చేయడం – 3వ పాఠం: వాడ పటం ఎవరు గీయాలి?

గత పాఠంలో నిర్ణయాల్లో జనానికి ఎంత పాత్ర దక్కుతోందో చూపడానికి షెర్రీ ఆర్న్‌స్టయిన్ 1969లో చెప్పిన ఎనిమిది మెట్ల నిచ్చెన గురించి తెలుసుకున్నాం. ఈసారి చేత్తో చేసే పని ఒకటి నేర్చుకుందాం: వాడ పటం గీయడం.

మన పల్లెల్లో వెలుగు పథకం రోజులు చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఊరి నడిమధ్య ముగ్గుపిండితో వీధులు, ఇళ్లు, బోర్లు గీసి, ఏ ఇంటి పరిస్థితి ఏమిటో అందరి ముందే తేల్చుకునేవాళ్లు. ఇలాంటి పద్ధతుల్ని ప్రపంచానికి పరిచయం చేసినవాళ్లలో ముఖ్యుడైన రాబర్ట్ చాంబర్స్ 1989 నుంచి కొంతకాలం హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి పని చేశారు.

అయినా ఈ పాఠానికి యూరప్‌లోని రోమాల (జిప్సీలని పిలుస్తూ వచ్చిన జనం) వాడల్నే తీసుకుంటున్నాను. కోటికి పైగా ఉన్న ఆ జనానికి పటాలన్నా, జాబితాలన్నా భయం. ఆ భయానికి కారణాలున్నాయి. జర్మనీ పోలీసులు దశాబ్దాల తరబడి రోమాల వివరాలు నమోదు చేసి పెట్టుకున్నారు. నాజీల కాలంలో మనుషుల్ని పట్టుకెళ్లడానికి ఆ కాగితాలే పనికొచ్చాయి. 2008లో ఇటలీ ప్రభుత్వం రోమాల శిబిరాల పేరుతో ‘అత్యవసర పరిస్థితి’ ప్రకటించి, అక్కడున్నవాళ్లను లెక్కపెట్టి, వేలిముద్రలు కూడా తీసుకుంది. ఆ ప్రకటన చెల్లదని అక్కడి కోర్టు 2011లో తేల్చింది. 2013లో దక్షిణ స్వీడన్ పోలీసుల దగ్గర వేలమంది రోమాల పేర్లు, పసిపిల్లల పేర్లతో సహా, ఉన్నాయని బయటపడింది. కాబట్టి మీరు చార్టు చుట్టుకుని వాడలోకి అడుగు పెడితే, ‘ఇది ఎవరికి చూపిస్తారు?’ అనే మొదట అడుగుతారు. ఆ ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పలేకపోతే ఆ రోజు పటం గీయించకండి.

జవాబు సిద్ధంగా ఉందనుకుందాం. పాత ఇనుము ఏరి అమ్ముకునేవాళ్లు పగలు ఇంటిపట్టున ఉండరు, కాబట్టి వేళ వాళ్లనే అడగండి. చాక్‌పీసు ఇవ్వగానే అది చదువుకున్న కుర్రాడి చేతికో, పెద్దమనిషి చేతికో వెళ్తుంది. వెళ్లనివ్వండి. అతను తారు రోడ్డు, చర్చి, బడి గీస్తాడు. కాసేపటికి వెనక నిలబడ్డ ఆవిడెవరో ‘కుళాయి అక్కడ కాదు’ అంటుంది. సరిగ్గా ఆ మాట దగ్గరే మీ పని మొదలవుతుంది. ‘మీరే గీయండమ్మా’ అని ఇంకో చాక్‌పీసు ఆమె చేతిలో పెట్టి పక్కకు జరగండి. నీళ్లు మోసే దారి, చలికాలంలో బురదయ్యే చోటు, పిల్లలు బస్సు కోసం నిలబడే మలుపు అప్పుడు పటంలోకి వస్తాయి. వీలైతే ఆడవాళ్లతో విడిగా ఇంకో పటం గీయించండి. రెండూ పక్కపక్కన పెడితే తేడాల గురించి వాళ్లే మాట్లాడుకుంటారు, మీరు అడగక్కర్లేదు.

గీత పూర్తయ్యాక ఒక్కటి మాత్రం అడగండి: ‘ఇందులో ఎవరి ఇల్లు రాలేదు?’ కొత్తగా వచ్చిన కుటుంబం, చివరన రేకుల కింద ఉండే ముసలాయన... వాడలోనూ వెనక్కి నెట్టబడ్డవాళ్లుంటారు. ఈ ప్రశ్న వదిలేస్తే వాడ పెద్దల పటమే వాడ పటమైపోతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. పటం మీద పేర్లు రాయకండి. పట్టా లేని ఇళ్లను విడిగా గుర్తు పెట్టకండి, రేపు బుల్డోజర్‌కు అదే దారి చూపిస్తుంది. అసలు పటం వాడలోనే ఉండాలి. మీరు తీసుకెళ్లే నకలులో ఏముండాలో కూడా వాళ్లే చెప్పాలి. ఫొటో తీసేముందు అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయండి.

రొమేనియాలోని క్లూజ్-నపోకా నగరం సంగతి చూడండి. 2010 డిసెంబర్ 17న, గడ్డకట్టే చలిలో, ఊరి మధ్య కోస్తేయ్ వీధిలో ఉంటున్న 76 కుటుంబాలను, ఎక్కువమంది రోమాలే, ఖాళీ చేయించి, చాలామందిని ఊరవతల పాటా రాట్ చెత్తకుప్పల పక్కకు తరలించారు. తర్వాత ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో, నార్వే నిధులతో 2014 నుంచి 2017 దాకా నడిచిన ప్రాజెక్టు అక్కడి 35 కుటుంబాలకు వేరే చోట్ల ఇళ్లు ఇచ్చింది. అది చిన్న విషయమని నేను అనను. కానీ అక్కడ ఉంటున్నవాళ్లు వందల్లో కాదు, వెయ్యికి పైనే. అలాంటప్పుడు ముందు ఎవరికి ఇవ్వాలన్న నియమాలు పెట్టే బల్ల దగ్గర వాడ మనుషులు కూర్చోవాలి, వాళ్ల పటం ఆ బల్ల మీద ఉండాలి.

ఈ వారం అభ్యాసం: మీ వీధి పటం ముందు మీరొక్కరే గీయండి. తర్వాత మీ వీధిలో చెత్త ఊడ్చే మనిషి ఒప్పుకుంటే, తీరిక ఉన్న వేళ చూసి, ఆమెతో అదే వీధిని గీయించండి. మధ్యలో సరిదిద్దకండి. ఆమె పటంలో ఉండి మీ పటంలో లేనివన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. 4వ పాఠంలో వాటిని చింతపిక్కలతో లెక్కగట్టి, ఏది ముందు, ఏది వెనక అని వరస పెట్టడం నేర్చుకుందాం.