మ్యూజిక్ ఫెస్టివల్‌లో పిల్లలతో టెంటు: సమస్య - పరిష్కారం

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరిలో పగలు 27 డిగ్రీల ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున 15కి పడిపోతుంది. ఊరి బయట దేవనహళ్లి వైపో కనకపుర రోడ్డు వైపో తెరిపి పొలాల్లో ఇంకాస్త తగ్గుతుంది. ఏడేళ్లలోపు పిల్లల్ని అలాంటి మైదానంలో, స్టేజి దగ్గర్లో టెంటు వేసి పడుకోబెట్టాలంటే ఒక సంగతి మొదటే తెలిసి ఉండాలి. రాత్రి 11 గంటలకు బయటపడే సమస్య ఎక్కువగా ఆ మధ్యాహ్నమే మొదలై ఉంటుంది. ఏడుపు మొదలయ్యాక చేయగలిగింది కొంచెమే. అందుకే ఇక్కడ ప్రతి లక్షణానికీ కారణాన్ని కొన్ని గంటలు వెనక్కి వెళ్లి వెతికాం.

నిద్రకు ఏడుస్తున్నాడు, పడుకోబెడితే పడుకోవడం లేదు

అన్నిటికన్నా ఎక్కువ మందికి ఎదురయ్యేది ఇదే. కారణాలు మూడు, నాలుగు కలిసే వస్తాయి.

మొదటిది, మధ్యాహ్నం నిద్ర తప్పిపోవడం. నాలుగేళ్లలోపు పిల్లలు పగలు పడుకోకపోతే సాయంత్రం ఆరింటికి మగతగా ఉంటారు, ఎనిమిదింటికి అలసట మీదే చెలరేగిపోతారు. పగటి నిద్ర ఎందుకు తప్పుతుంది? టెంటు ఎండలో ఉంటుంది కాబట్టి. నైలాన్ టెంటు ఉదయం 9 దాటితే లోపల ఉడుకెత్తిపోతుంది. అందులో పిల్లల్ని పడుకోబెట్టడం ప్రమాదం కూడా. ఒంటిగంట నుంచి మూడింటి వరకు వేప, చింత, కానుగ చెట్టు నీడన చాప వేసి, చిన్నపిల్లలైతే గొడుగు దోమతెర పెట్టి పడుకోబెట్టండి. పక్కన ఒక పెద్దవాళ్లు ఉండాలి. కొబ్బరిచెట్టు కింద చాపా వద్దు, టెంటూ వద్దు: కాయే కాదు, మట్ట పడినా పిల్లలకు దెబ్బే. నీలగిరి తోపులో కొమ్మలు గాలి లేకపోయినా విరిగి పడతాయి.

రెండోది, దడదడమనే బేస్. స్టేజి వెనక ప్రశాంతంగా ఉంటుందనుకుని అక్కడ టెంటు వేస్తుంటారు. గొంతు, తీగ వాద్యాల ధ్వని ముందుకే ఎక్కువగా వెళ్తుంది నిజమే. కానీ సబ్‌వూఫర్ (బేస్ పలికించే స్పీకర్) దెబ్బ అన్ని వైపులకూ పాకుతుంది, టెంటు గుడ్డ దాన్ని ఏమాత్రం ఆపదు. దీనికి మందు దూరమే. తెరిపి నేలలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్టేజికి 50 మీటర్ల దగ్గర 95 ఉంటే 100 మీటర్లలో 89, 200 మీటర్లలో 83, 400 మీటర్లలో 77. పెద్ద స్పీకర్ల వరస కట్టిన చోట ఇంతకన్నా నెమ్మదిగా తగ్గుతుంది. కనుక కనీసం 400 మీటర్లు నడవడానికి సిద్ధపడండి. జనరేటర్‌కు, టాయిలెట్లకు వెళ్లే దారికి, ఫుడ్ స్టాళ్లకు కూడా దూరంగా ఉండాలి. పాట ఆగినా జనరేటర్ ఆగదు. దాని పొగ గాలివాటున మీ వైపు వస్తుందేమో టెంటు వేసే ముందే చూసుకోండి.

మూడోది, పెద్దవాళ్ల అంచనా. ఇంట్లో 8కి పడుకుంటాడు కదా అని ఇక్కడా 8కే పడుకోబెట్టబోతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదు. కొన్ని ప్రత్యేక రోజులకు మాత్రం ప్రభుత్వం 12 వరకు అనుమతించవచ్చు. మీరు వెళ్లే ఉత్సవం ఎన్నింటికి ఆగుతుందో ముందే కనుక్కుని, పగటి నిద్రను దానికి తగ్గట్టు కాస్త ఆలస్యంగా జరపండి. రెండు గంటలు పోరాడి పడుకోబెట్టేకన్నా 9 వరకు దూరంగా కూర్చుని పాట విననివ్వడం మేలు.

ఫ్లడ్‌లైట్ కాంతి లోపలికి పడుతుంటే ముదురు రంగు దుప్పటిని టెంటు పైన ఆ వైపు మాత్రమే క్లిప్పులతో బిగించండి, గాలి కిటికీ మూయకండి. ఫోనులో వాన చప్పుడు సన్నగా పెట్టి పిల్లల కాళ్ల దగ్గర ఉంచితే చిన్న చిన్న అలికిడులు కలిసిపోతాయి. ఇంట్లో కప్పుకునే దుప్పటినే, ఉతకకుండా తెచ్చుకోండి. ఆ వాసన పిల్లలకు పెద్ద ధైర్యం. వెళ్లే ముందు వారం ఒక రాత్రి మిద్దె మీద టెంటు వేసి పడుకుంటే సగం సమస్యలు అక్కడే తెలిసిపోతాయి.

చెవులు మూసుకుంటోంది, లేదా పిలిస్తే పలకడం లేదు

పెద్దవాళ్లకు పని చోట పెట్టుకున్న హద్దు 8 గంటలకు 85 డెసిబెల్స్. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది: 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. స్టేజి ముందు 100 దగ్గరగా ఉండడం మామూలే. పిల్లలకు ఇంకా జాగ్రత్త కావాలి. చేతికందే దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే అది పిల్లలు ఉండే చోటు కాదు. మీటరేమీ అక్కర్లేదు.

దూది పెట్టడం వల్ల ఉపయోగం నామమాత్రం. ఫోమ్ ప్లగ్గులు చిన్నపిల్లలు తీసి నోట్లో పెట్టుకుంటారు, గొంతులో అడ్డం పడతాయి. వాడాల్సింది పిల్లల కొలతలో దొరికే ఇయర్‌మఫ్స్. డబ్బా మీద ఎస్‌ఎన్‌ఆర్ (శబ్దాన్ని ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయో చెప్పే అంకె) 25 చుట్టుపక్కల ఉన్నవి తీసుకోండి. పెద్దవాళ్లవి పెడితే దవడ దగ్గర సందు ఉండిపోయి శబ్దం నేరుగా లోపలికి వెళ్తుంది. కొత్త వస్తువును గోల మధ్యలో తలకు తగిలిస్తే ఏ పిల్లైనా పీకి పారేస్తుంది. ఇంట్లో మిక్సీ వేసేటప్పుడల్లా వారం పాటు పెట్టి అలవాటు చేయండి. అరగంటకోసారి దూరంగా తీసుకెళ్లి తీస్తే చెమట ఆరుతుంది. మఫ్స్ బేస్‌ను అంతగా ఆపలేవు కనుక అవి ఉన్నాయని ముందు వరుసకు వెళ్లకండి. నిద్రలో పెట్టి ఉంచకండి.

ఏడాదిలోపు బిడ్డను స్టేజి దగ్గరికి అసలు తీసుకెళ్లవద్దు. ఇందులో మాకు రెండో మాట లేదు. మర్నాటికి కూడా చెవిలో గుయ్‌మంటోందన్నా, పిలిస్తే పలకకపోయినా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

తెల్లవారుజామున 4కి వణుకుతూ లేచింది, పక్క తడిగా ఉంది

దుప్పట్లు ఇంకో రెండు కప్పుతారు, వణుకు తగ్గదు. ఎందుకంటే చలి కింది నుంచి వస్తోంది. గాలి పరుపు ఒక్కటే వేస్తే లోపలి గాలి చల్లబడి వీపుకు తగులుతుంది. నేల మీద టార్పాలిన్, టెంటు లోపల చాప, దాని మీద 10-12 మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్, ఆపైన కంబళి, ఆ పైన పిల్లలు: ఈ వరస తప్పకూడదు.

తడికి కారణం మంచు కారడం కాదు, నలుగురి ఊపిరి. చలి వేస్తోందని కిటికీలన్నీ బిగిస్తే ఆ ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీరై దిగుతుంది. పై కిటికీలు కనీసం నాలుగు వేళ్ల మందం తెరిచే ఉంచండి, పక్కను టెంటు గోడకు తగలనివ్వకండి. పొద్దున తుడవడానికి ఒక పాత తువ్వాలు చాలు.

ఇంకో కారణం ఒంటి మీదే ఉంటుంది. సాయంత్రం దాకా ఆడిన చెమట బనియను రాత్రి చల్లబడుతుంది. ఏడింటికల్లా బనియను, డైపరుతో సహా అన్నీ మార్చి, పొడి నూలు బనియను, నిండు చేతుల చొక్కా, స్వెటరు, సాక్సు వేయండి. మంకీ క్యాప్ బయట తిరిగేటప్పుడే, నిద్రలో ముఖం మీదికి జారుతుంది.

కుంపటి గానీ బొగ్గుల గ్రిల్లు గానీ గ్యాస్ స్టవ్ గానీ టెంటు లోపల పెట్టకండి, ఆరిపోయిందనుకున్న బొగ్గులు కూడా. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దోమల చుట్ట కూడా టెంటు బయటే.

మేకులు దిగడం లేదు, దిగినా ఊడిపోతున్నాయి

ఎండిన ఎర్రమట్టి రాయిలా ఉంటుంది, టెంటుతో వచ్చే సన్నటి మేకులు వంగిపోతాయి. 20-25 సెంటీమీటర్ల ఇనుప మేకులు, సుత్తి తెచ్చుకోండి. చెంబెడు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగి కొట్టండి. మేకు తల టెంటుకు దూరంగా బయటి వైపు వాలి ఉండాలి. కింద పరిచిన టార్పాలిన్ అంచు టెంటు దాటి బయటికి వస్తే వాననీరు దాని మీద పడి నేరుగా మీ పక్క కిందికి వస్తుంది, లోపలికి మడిచేయండి. తాళ్లకు తెల్లగుడ్డ పీలికలు కట్టండి, చీకట్లో పిల్లలు తట్టుకుని పడేది వాటి మీదే.

తినడం లేదు, తిన్నది పడలేదు

పొద్దున కలిపిన పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతే పిల్లలు నోట పెట్టరు. మెత్తటి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు తోడు వేసి ఉప్పు కలపండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. రాత్రికి మాత్రం ఉంచకండి. చింతపండు పులిహోర ఆ పూటకు నిలుస్తుంది. అనంతపురం, కర్నూలు వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, ఉగ్గాణికి బొరుగులు తడిపి పిండి, ఇంట్లో వేయించి తెచ్చిన పోపు కలిపితే పొయ్యి లేకుండానే టిఫిన్ తయారు. స్టాళ్లలో కళ్ల ముందు పెనం మీద కాల్చి ఇచ్చిన దోసె, అప్పుడే కొట్టిన ఎళనీరు (కొబ్బరి బొండం) ఫరవాలేదు. ఐసు వేసిన రసాలు, కోసి పెట్టిన పళ్లు వద్దు.

పొడిపాలు తాగే బిడ్డకు కలిపిన సీసా మోసుకు తిరగకండి. ఫ్లాస్కులో మరిగిన నీళ్లు, ఒక్కో పూటకు కొలిచిన పొడి విడిగా ఉంచి, నీళ్లు బాగా వేడిగా ఉండగానే కలిపి, చల్లార్చి పట్టండి. తాగగా మిగిలింది పారబోయండి.

విరేచనాలైతే ఓఆర్‌ఎస్. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: లీటరు ప్యాకెట్‌లో కొంచెం గ్లాసులో వేసి కలపడం. ఉప్పు ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా పనిచేయదు. మొత్తం ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి 24 గంటల్లో వాడి, మిగిలింది పారబోయండి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు వాళ్లకు 50-100 మిల్లీలీటర్లు, ఆపై వాళ్లకు 100-200. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచా చెంచాగా పట్టండి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉండాలి, పళ్ల రుచుల తియ్యటి డబ్బాలు దీనికి బదులు కావు.

పాస్‌కు వెళ్లనంటోంది

చీకటి, కంపు, ఊగే డబ్బా టాయిలెట్. భయం సహజమే. బిగబట్టుకోవడం వల్ల మర్నాడు కడుపునొప్పి, మంట. చిన్న పాటీ సీటు ఇంటి నుంచి తెచ్చి టెంటు ముందు భాగంలో పెట్టండి, ఆరేళ్ల పిల్లకైనా రాత్రి అదే నయం. చేతులకు సబ్బు, నీళ్లు ఉండాలి. మట్టి పట్టిన చేతి మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

ఒళ్లు కాలుతోంది

ముందు స్వెటరు తీసి నీళ్లు పట్టి, అరగంటాగి థర్మామీటరు పెట్టండి. పారాసిటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, డోసుకు డోసుకు మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగు మించకూడదు. చీకట్లో పొరపాటు జరిగేది సీసా దగ్గర: 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉన్నదీ, 250 ఉన్నదీ రెండూ అమ్ముతారు. 12 కిలోల పిల్లకు 180 మిల్లీగ్రాములంటే మొదటి దానిలో 7.5 మిల్లీలీటర్లు, రెండో దానిలో 3.6. బయల్దేరే ముందే మీ పిల్లల డాక్టరును అడిగి సీసా మీద మార్కరుతో రాసుకోండి. మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరమైతే మందు కోసం చూడకుండా ఆసుపత్రికే.

కనబడటం లేదు

గుంపులో నెట్‌వర్కు మొండికేస్తుంది, కాల్ పోకపోయినా ఎస్ఎంఎస్ పోవచ్చు. ఫోను నంబరు పిల్లల ముంజేతి లోపలి వైపు బాల్‌పెన్నుతో రాసి, చెమటకు చెరగకుండా పైన పారదర్శక టేపు వేయండి. పేరు చొక్కా మీద రాయకండి, పేరు పెట్టి పిలిచే ప్రతివాడినీ పిల్లలు నమ్ముతారు. పొద్దున బట్టలు వేయగానే ఒక ఫోటో తీయండి, వెతికేవాళ్లకు ఈ రోజు బట్టలు కావాలి.

పిల్లలకు నేర్పాల్సింది రెండే: తప్పిపోతే అక్కడే నిలబడాలి, దగ్గర్లో ఉన్న యూనిఫాం సెక్యూరిటీకో, పిల్లలతో ఉన్న అమ్మకో చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయిన పిల్లలకు 'నన్న అమ్మ కాణిస్తిల్ల' (మా అమ్మ కనబడటం లేదు) అన్న కన్నడ మాట పలికించి ఉంచండి, సెక్యూరిటీ వాళ్లకు వెంటనే తెలుస్తుంది. మీరు ఇద్దరైతే ఒకరు చివరిసారి చూసిన చోటే ఉండాలి, రెండోవారు గేటుకో సమాచార కేంద్రానికో వెళ్లాలి. ఇద్దరూ వెతకబోతే తిరిగొచ్చిన బిడ్డకు అక్కడ ఎవరూ ఉండరు. ఐదు నిమిషాల్లో దొరక్కపోతే 112కి ఫోన్ చేయండి, పిల్లల కోసం 1098 కూడా ఉంది.

ఎప్పుడు సర్దేసి వెళ్లిపోవాలి

ఆరేడు గంటలుగా పాస్ పోయకపోతే, నిద్ర లేపినా సరిగా లేవకపోతే, రొమ్ము ఎగదన్నుతూ ఊపిరి తీస్తుంటే, మలంలో రక్తం కనిపిస్తే, ఆగకుండా వాంతులవుతుంటే తెల్లారేదాకా చూడకండి. కుక్క గీరినా సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించండి. పాము కాటైతే కట్టు బిగించకుండా, కోయకుండా, ఆ కాలో చెయ్యో కదలకుండా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి, 108కి ఫోన్ చేయండి.

ఇందుకోసం సాయంత్రం వెలుతురుండగానే కారును గేటు వైపు ముఖం పెట్టి నిలపండి, వెనక వేరే బండి అడ్డు రాని వరసలో. తాళంచెవి ఒకే చోట, టెంటు గుమ్మం పక్క జేబులో ఉంచండి. దగ్గర్లో రాత్రిపూట పిల్లల డాక్టరున్న ఆసుపత్రి ఏదో వెళ్లే ముందే చూసి దారిని ఫోనులో డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్‌వర్కు లేనప్పుడూ తెరుచుకుంటుంది.