నీలంలో ఒకే ఒక్క గోధుమరంగు: బొమ్మను చదివే పద్ధతి

నీలమంటే దిగులు, ఎరుపంటే కోపం అని పట్టిక కంఠతా పట్టి బొమ్మ ముందు నిలబడితే పట్టికే కనిపిస్తుంది, బొమ్మ కనిపించదు. మన కృష్ణుడూ నీలమే, ఆయనలో దిగులెక్కడిది? రంగు ఏం చెబుతుందన్నది పక్కనున్న రంగును బట్టీ, దాన్ని మోసే గీతను బట్టీ తేలుతుంది.

సాధనకు స్పెయిన్ చిత్రకారుడు పికాసో 1903–04లో వేసిన ‘ముసలి గిటారు వాద్యకారుడు’ తీసుకోండి. మూలం చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఫోన్లో చూసేవాళ్లు తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ ముందే ఆపేయాలి. లేకపోతే నీలం మసకబారి లెక్కంతా తప్పుతుంది.

మొదటి ఐదు నిమిషాలు వివరణ చదవకుండా, కంటికి కనిపించేవే రాయండి. "బాధపడుతున్నాడు" అని రాస్తే కొట్టేయండి, అది తీర్పు. "తల పక్కకు వాలిపోయింది, కళ్లు మూతపడ్డాయి, బట్టలు చిరిగాయి": ఇవీ ఆధారాలు.

తర్వాత ఆకృతి. అసలు బొమ్మ ఎత్తు సుమారు 123 సెంటీమీటర్లు, వెడల్పు 83. అదే నిష్పత్తిలో 9 × 6 సెంటీమీటర్ల గడి గీసి, అందులో మెడ, భుజాలు, మోచేతులు, మోకాళ్లను ఏడెనిమిది తిన్నని గీతల్లో పెట్టండి. ముఖం, వేళ్లు వద్దు. అన్నీ పదునైన కోణాలే వస్తాయి. ఈ మనిషి లేచి నిలబడితే చట్రంలో పట్టడని అప్పుడు తెలుస్తుంది. నమ్మకం కుదరకపోతే అలాగే తల వాల్చి ఒక నిమిషం కూర్చోండి, మెడే చెబుతుంది.

ఇక రంగు. కళ్లు సగం మూసి చూడండి: ఒళ్లూ, బట్టలూ, వెనక గోడా ఒకే నీలంలో కలిసిపోతాయి, గోధుమరంగు గిటారు ఒక్కటే విడిగా నిలుస్తుంది. దాన్ని బొటనవేలితో కప్పండి, బొమ్మంతా చల్లబడుతుంది. వేలు తీయండి. వెచ్చదనం మనిషి ఒంట్లో లేదు, వాయిద్యంలో ఉంది. అది ఓదార్పా, పొట్టకూటి సాధనమా? రెండూ వాదించొచ్చు, ఆధారం బొమ్మలో చూపిస్తే చాలు.

1901లో పికాసో స్నేహితుడు కాసాజెమాస్ ఆత్మహత్య, ఆ తర్వాత పికాసో ఎక్కువగా నీలంలోనే బొమ్మలు వేసిన ‘నీలి దశ’ గురించి ఇప్పుడు చదవండి. ముందే చదివితే కంటికి పని ఉండదు. ముసలాయన మెడ వెనక లీలగా కనిపించే ఆడమనిషి ముఖం చాలామందిని దారి తప్పిస్తుంది. అది ఆత్మో, జ్ఞాపకమో కాదు. అదే చెక్కపై అంతకుముందు మొదలుపెట్టి వదిలేసిన బొమ్మ అని ఎక్స్‌రేల్లో తేలింది.