సైట్లు తెరుచుకోవడం లేదా? బ్రాడ్‌బ్యాండ్ ఫిర్యాదు విధానం, ఇంట్లో పరీక్షల నుంచి టెలికాం శాఖ దాకా

వైఫై గుర్తు నిండుగా ఉంటుంది. వాట్సాప్‌లో మెసేజీలు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. స్కాలర్‌షిప్ సైటో, కరెంటు బిల్లు సైటో తెరుద్దామంటే మాత్రం చక్రం తిరిగి తిరిగి చివరికి ఒక తెల్ల పేజీ మిగులుతుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మా వైపు లైన్ బాగానే ఉంది సార్, మీ సిస్టమ్ ఒకసారి చెక్ చేసుకోండి" అంటారు. అది నిజమే కావచ్చు, వదిలించుకోవడానికి అన్న మాటా కావచ్చు. ఏదో తేల్చుకోకుండా "నెట్ రావడం లేదు" అని ఒక్క ముక్క ఫిర్యాదు పెడితే, రెండో రోజుకల్లా "సమస్య పరిష్కరించాం" అని ఎస్సెమ్మెస్ వస్తుంది, సైట్లు మాత్రం రావు. ఫిర్యాదు నిలబడాలంటే దానికి ముందు ఇంట్లో ఓ అరగంట పని ఉంది.

ఎవరికి పెట్టాలో ముందు చూద్దాం. చాలామంది నేరుగా ట్రాయ్‌కి రాస్తారు. ట్రాయ్ టెలికాం నియంత్రణ సంస్థ, అది నియమాలు చేస్తుంది. ఒక్కొక్కరి వ్యక్తిగత ఫిర్యాదును తీసుకుని తీర్పు చెప్పదు, వచ్చినా కంపెనీకే పంపుతుంది. ట్రాయ్ 2012లో తెచ్చిన వినియోగదారుల ఫిర్యాదుల నిబంధనల ప్రకారం మెట్లు రెండు: మొదట కంపెనీ ఫిర్యాదుల కేంద్రం, తర్వాత అదే కంపెనీలోని అప్పీలు అధికారి. ఆ రెండూ ఎక్కాక కేంద్ర టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగం. వినియోగదారుల కమిషన్ దారి వేరుగా ఉంది, దాని సంగతి చివర్లో.

ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ఎక్కువ తేల్చే పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. వైఫై ఆపి, ఫోన్‌లో మొబైల్ డేటాతో హాట్‌స్పాట్ పెట్టి, అదే కంప్యూటర్‌ను దానికి కలపండి. సైట్లు తెరుచుకుంటే కంప్యూటర్ చాలావరకు బాగున్నట్టే, అనుమానం బ్రాడ్‌బ్యాండ్ మీదకు వెళ్తుంది. హాట్‌స్పాట్ మీద కూడా ఏ సైటూ తెరుచుకోకపోతే లోపం చాలావరకు మీ కంప్యూటర్‌లోనే ఉన్నట్టు, ఏ ఆఫీసుకు రాసినా లాభం లేదు. ఇంకోవైపు నుంచి కూడా చూడండి: ఇంట్లో వేరే ఫోనో ల్యాప్‌టాపో బ్రాడ్‌బ్యాండ్ వైఫై మీద సైట్లు తెరుస్తోందా?

కంప్యూటర్‌దే తప్పు అని తేలితే మొదట చూడాల్సింది తేదీ. నవ్వకండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే నాణెం సైజు బ్యాటరీ, సీఆర్2032, అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి వెళ్తుంది. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ భద్రతా సర్టిఫికెట్‌తోనే నడుస్తుంది, ఆ సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. కంప్యూటర్ తాను ఇంకా 2009లో ఉన్నాననుకుంటే, ఈ ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ దానికి చెల్లనిదిగా కనిపిస్తుంది. బ్యాంకు సైటూ రాదు, ప్రభుత్వ సైటూ రాదు, బ్రౌజరేమో మీ కనెక్షన్ సురక్షితం కాదని భయపెడుతుంది. తేదీ, సమయం, టైమ్ జోన్ సరిచేస్తే అక్కడికక్కడే బాగవుతుంది. బ్యాటరీ మార్చకపోతే మళ్లీ కరెంటు పోయినప్పుడు కథ మొదటికొస్తుంది.

తర్వాత ప్రాక్సీ, అంటే మీ నెట్ రాకపోకలను మధ్యలో ఇంకో సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద ప్రాక్సీ అని ఉంటుంది. మీరు పెట్టకుండానే అక్కడ ఏదైనా చిరునామా ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఎక్కడపడితే అక్కడ దింపుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్లు చేసిపోయే పని ఇది. వీపీఎన్ ఉంటే అదీ ఆపి చూడండి. యాంటీవైరస్ గడువు తీరి సగం పనిచేస్తూ వెబ్ రాకపోకలను అడ్డుకోవడమూ మామూలే. ఇక మీది విండోస్ 7 అయితే, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్ నుంచి క్రోమ్ దాన్ని వదిలేసింది. పాత బ్రౌజర్‌లో కొత్త సైట్లు సగం సగం తెరుచుకోవడం కంపెనీ నేరం కాదు.

ఒకటి రెండు సైట్లే రాకపోతే ఆ సైట్ల సంగతి ఆలోచించండి. ఇంటర్ ఫలితాల రోజు ఫలితాల సైటు మొరాయిస్తే అది మీ లైన్ తప్పు కాదు, అటువైపు సర్వర్ తట్టుకోలేకపోతోంది. ప్రభుత్వం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ఆపించిన సైటును తెరిపించమని కంపెనీని అడిగి ప్రయోజనం లేదు. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇక్కడి ప్రభుత్వ సైట్లు కొన్ని అసలు తెరుచుకోవు, దేశం బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అవి ఆపేస్తాయి. అక్కడ ఉన్న అబ్బాయికి సైటు రావడం లేదని ఇక్కడ నాన్నగారు ఫిర్యాదు పెట్టి ఉపయోగం లేదు.

బ్రాడ్‌బ్యాండ్ లైన్ మీద పరీక్ష

ఇప్పుడు ఫైబర్ పెట్టె దగ్గరకు రండి. దాని మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతున్నా, ఎర్రగా కొట్టుకుంటున్నా ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. తీగ తెగి ఉండాలి, లేదా ఎక్కడో బాగా వంగి ఉండాలి. అలాంటప్పుడు ఒక్క సైటూ రాదు, వాట్సాప్ కూడా రాదు. ఆ లైటు ఫొటో తీసి పెట్టుకోండి, వేరే పరీక్షలు అక్కర్లేదు.

ఎర్ర లైటు లేదు, అయినా సైట్లు రావడం లేదంటే విషయం ఇంకాస్త లోతుగా ఉంది. పెట్టెను ఆపి, కాసేపు ఆగి, మళ్లీ వేయండి. కంప్యూటర్‌ను వైఫైతో కాకుండా లాన్ కేబుల్‌తో నేరుగా కలపండి. అలా చేస్తే "మీ వైఫై సిగ్నల్ వీక్ సార్" అనే సమాధానానికి చోటుండదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ, తెరిచి, పింగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి 8.8.8.8 అని ఎంటర్ నొక్కండి. అది గూగుల్ నడిపే సర్వర్ చిరునామా. నాలుగు జవాబులు వస్తే మీ లైన్ బయటి ప్రపంచం దాకా వెళ్తున్నట్టే. ఇప్పుడు పింగ్ తర్వాత అంకెలకు బదులు ఏదైనా పెద్ద సైటు పేరు కొట్టండి. అంకెలకు జవాబు వచ్చి, పేరు మాత్రం దొరకలేదని చూపిస్తే దొంగ దొరికినట్టే: అది డీఎన్ఎస్. సైటు పేరును అంకెల చిరునామాగా మార్చి ఇచ్చే ఏర్పాటు అది. మామూలుగా మీ రౌటర్ ఆ పనికి కంపెనీ సర్వర్‌నే అడుగుతుంది. ఆ సర్వర్ మూగబోతే లైన్ ఎంత బాగున్నా పేరు కొట్టిన ఏ సైటూ రాదు. కొన్ని యాప్‌లు మాత్రం పాత కనెక్షన్ మీదో, దాచుకున్న చిరునామా మీదో కాసేపు నడుస్తాయి. వాట్సాప్ వస్తూ సైట్లు రాకపోవడం వెనక తరచూ ఉండేది ఇదే.

ఈ దశలో చిన్న చికిత్స మీరే చేసుకోవచ్చు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీ కనెక్షన్ కింద డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ దగ్గర ఎడిట్ నొక్కి, మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి 8.8.8.8 అని, రెండో గడిలో 1.1.1.1 అని ఇవ్వండి. సైట్లు వచ్చేస్తే పని నడుస్తుంది. అయినా ఫిర్యాదు మానకండి, ఎందుకంటే ఇంట్లో టీవీ, ఫోన్లు ఇంకా కంపెనీ డీఎన్ఎస్ మీదే ఉన్నాయి. మార్చడానికి ముందు, మార్చిన తర్వాత స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఈ రెండూ పక్కపక్కన పెడితే "మీ సిస్టమ్‌లోనే ఉంది" అని ఇక ఎవరూ అనలేరు.

ఇంకో విషయం. ఏ సైటు కొట్టినా కంపెనీ పేజీయే వస్తుంటే బిల్లు గడువు దాటిందేమో చూడండి. ఆటోపే ఉందిలే అనుకుంటాం, కార్డు గడువు తీరిపోయి ఉంటుంది.

మొదటి మెట్టు: కంపెనీకి ఫిర్యాదు

కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ మోసగాళ్లు పెట్టిన నంబర్లు తగులుతాయి. "సైట్లు రావడం లేదా, ఈ యాప్ దింపుకోండి" అని స్క్రీన్ చేతిలోకి తీసుకుని బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. అలా జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సరైన నంబరు మీ బిల్లు మీదో, కంపెనీ యాప్‌లోనో ఉంటుంది. ఫిర్యాదుల కేంద్రాల, అప్పీలు అధికారుల వివరాలు కంపెనీలవారీగా ట్రాయ్ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్‌లోనూ ఉన్నాయి.

మన ఊళ్లలో కనెక్షన్ చాలాచోట్ల లోకల్ కేబుల్ ఆపరేటర్ ద్వారా వస్తుంది. ఆయన తెలిసినవాడు, ఫోన్ చేస్తే అబ్బాయిని పంపుతాడు, తప్పకుండా చెప్పండి. కానీ ఆయనకు చెప్పడం నిబంధనల లెక్కలో ఫిర్యాదు కాదు. కంపెనీ దగ్గర నమోదై, డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదుకు ఇచ్చే నంబరు, వస్తేనే ఫిర్యాదు పెట్టినట్టు. నంబరు, తేదీ, సమయం ఉన్న మెసేజీని చెరపకండి. తర్వాతి మెట్లన్నిటికీ అదే తాళంచెవి.

రాతపూర్వకంగా, అంటే యాప్‌లోనో ఈమెయిల్‌లోనో పెట్టడం మేలు. ఇలా రాయొచ్చు:

"నా బ్రాడ్‌బ్యాండ్ ఖాతా నంబరు (ఇక్కడ రాయండి). ఈ నెల 9వ తేదీ సాయంత్రం 7 గంటల నుంచి వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు. రౌటర్‌కు లాన్ కేబుల్‌తో కలిపిన రెండు కంప్యూటర్లలోనూ ఇదే పరిస్థితి. ఇవే కంప్యూటర్లలో మొబైల్ హాట్‌స్పాట్ మీద అన్ని సైట్లూ వస్తున్నాయి. 8.8.8.8కు పింగ్ వెళ్తోంది, మీ డీఎన్ఎస్ ద్వారా సైట్ల పేర్లు మాత్రం దొరకడం లేదు. స్క్రీన్‌షాట్లు జతచేశాను. రౌటర్ రీస్టార్ట్ చేశాను, ఫలితం లేదు. లోపం సరిచేసి, సేవ అందని రోజులకు అద్దె తగ్గించగలరు."

కోపం ఎంత ఉన్నా ఇందులో రాయకండి. చదివేవాడికి పనికొచ్చేది తేదీ, సమయం, పరీక్ష ఫలితం, ఈ మూడే. చివర్లో అద్దె తగ్గింపు అడగడం మరిచిపోవద్దు. చాలామంది అడగరు, అడగనిదే ఇచ్చేవాళ్లు తక్కువ.

టెక్నీషియన్ ఇంటికొచ్చి, ఏదో చూసి, "ఓటీపీ వచ్చింది చూడండి సార్, చెబితే టికెట్ క్లోజ్ చేస్తా" అంటాడు. అతని టార్గెట్ల టెన్షన్ అతనిది. అయినా మూడు నాలుగు సైట్లు మీ కంప్యూటర్‌లో తెరిచి చూశాకే ఓటీపీ చెప్పండి. పరిష్కారం కాకుండానే టికెట్ మూసేస్తే, మూసేసినట్టు వచ్చిన మెసేజీనీ, ఆ తర్వాత తీసిన స్క్రీన్‌షాట్‌నూ కలిపి దాచండి.

రెండో మెట్టు: అప్పీలు

కంపెనీ చెప్పిన గడువులోగా సరిచేయకపోయినా, ఇచ్చిన పరిష్కారం మీకు నచ్చకపోయినా అప్పీలుకు వెళ్లొచ్చు. గడువు ముగిసిన లేదా జవాబు వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోగా పెట్టాలి. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. ఈమెయిల్ చేయొచ్చు, పోస్టులో పంపొచ్చు, స్వయంగా ఇవ్వొచ్చు. పేరు, చిరునామా, ఖాతా నంబరు, డాకెట్ నంబరు, మొదటి ఫిర్యాదు తేదీ, కంపెనీ ఏం జవాబిచ్చింది, అది ఎందుకు సరిపోలేదు అన్నవి ఉంటే చాలు. 39 రోజుల్లోగా అప్పీలు తేల్చాలని నిబంధన. చాలా కేసులు ఈ లోపే సర్దుకుంటాయని నా నమ్మకం. డాకెట్ నంబరుతో అప్పీలు వచ్చిందంటే ఫైలు కాల్ సెంటర్ దాటి వెళ్లినట్టు, అక్కడ చదివే మనిషి వేరు.

టెలికాం శాఖకు అర్జీ

అక్కడా తేలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌కు వెళ్లండి. బ్రౌజర్‌లో ఇంగ్లిష్‌లో పీజీపోర్టల్ డాట్ గవ్ డాట్ ఇన్ అని కొట్టాలి. మొబైల్ నంబరు, ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, శాఖల జాబితాలో టెలికమ్యూనికేషన్స్ ఎంచుకోండి. బ్రాడ్‌బ్యాండ్‌కు సంబంధించిన విభాగం, కంపెనీ పేరు ఎంచుకున్నాక వివరణ రాసే గడి వస్తుంది. మొదటి వాక్యంలోనే డాకెట్ నంబరు, అప్పీలు నంబరు రాయండి. రెండు మెట్లూ ఎక్కకుండా వస్తే ఇక్కడి నుంచి మళ్లీ కంపెనీకే పంపిస్తారు. పత్రాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా జతచేయండి. బ్రాడ్‌బ్యాండ్ పనిచేయని పరిస్థితి కాబట్టి ఇదంతా ఫోన్‌లోనూ చేయొచ్చు, ప్రభుత్వ సేవల ఉమంగ్ యాప్‌లోనూ ఉంది. టెలికాం శాఖ ఫిర్యాదుల టోల్‌ఫ్రీ నంబరు 1063.

2024 ఆగస్టులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ పోర్టల్‌లోని ఫిర్యాదులను మామూలుగా 21 రోజుల్లో పరిష్కరించాలి. మూసేశాక ఫీడ్‌బ్యాక్ అడుగుతారు. నచ్చకపోతే మొహమాటపడకుండా అదే చెప్పండి, అప్పీలు దారి అక్కడి నుంచే తెరుచుకుంటుంది.

వినియోగదారుల కమిషన్

నెట్ పోవడం వల్ల నిజంగా నష్టం జరిగి, పరిహారం కావాలనుకుంటే ఇది దారి. టెలికాం గొడవలు కమిషన్ వినకూడదని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 2025 జనవరి నుంచి ఆన్‌లైన్ దాఖలుకు ఈ-జాగృతి పోర్టల్ ఉంది. కేసు దాకా వెళ్లే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఒకసారి ఫోన్ చేసి చూడండి. కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు దాటనివ్వకండి.

గొడవ నడుస్తున్నన్నాళ్లూ కోపంతో బిల్లు ఆపొద్దు. ఆపితే "బకాయి ఉంది కాబట్టే కనెక్షన్ తీశాం" అని ఫైలులో ఒక కాగితం చేరుతుంది, అప్పటిదాకా పోగుచేసిన స్క్రీన్‌షాట్లన్నీ దాని వెనక పడిపోతాయి. వేరే కంపెనీకి మారిపోవాలనుకుంటే ఫైబర్ పెట్టె వాళ్లదైతే తిరిగి ఇచ్చేసి రసీదు తీసుకోండి, డిపాజిట్ ఉంటే వాపసు రాతలో అడగండి. ఆ రసీదు లేకపోతే కొన్ని నెలల తర్వాత పెట్టె ఖరీదు కట్టమని ఫోన్లు మొదలవుతాయి.