సియాటిల్‌లో ఐస్ హాకీ చూడబోయేవారికి

సియాటిల్ క్రాకెన్ జట్టు ఆట చూడటానికి క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాకు వెళ్లేవారు, కారును నగరం నడిబొడ్డున వదిలి వెస్ట్‌లేక్‌లో మోనోరైలు ఎక్కడం మేలు. 1962 నాటి ప్రపంచ ప్రదర్శన కాలపు పైకప్పును అలాగే నిలబెట్టి, దాని కింద నేలను లోతుగా తవ్వి 2021లో ఈ అరీనాను తెరిచారు కాబట్టి, చాలా సీట్లకు మెట్లు దిగి వెళ్లవలసి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకువెళ్లేవారు ఈ సంగతిని టికెట్ కొనేముందే చూసుకోవాలి. మొదటిసారి వెళ్లేవారు ఆటస్థలం చుట్టూ ఉండే అద్దపు గోడ పక్కనే కూర్చోవాలని ఉబలాటపడతారు గాని, 200 అడుగుల పొడవున్న రింకులో (మంచు ఆటస్థలంలో) అవతలి గోల్ దగ్గరున్న నల్లటి పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అక్కడి నుంచి కంటికి ఆనదు. కాస్త పై వరుసల్లోనే ఆట తీరు తెలుస్తుంది. కింద ఉన్నది వాననీటిని పట్టి గడ్డకట్టించిన మంచు కనుక, ఎండాకాలమైనా స్వెట్టరు మరిచిపోకూడదు.